రంగము పోయిన తెలుగు కూలీలు: 1941 నాటి భారత–బర్మా వలస ఒడంబడిక

బంగాళాఖాతమునకు ఆవలిగట్టున నున్న బర్మాదేశమునకు తెలుగు జిల్లాలనుండి సాగిన కూలీల వలస దాదాపు ఒక శతాబ్దకాలము నడచి, 1942లో ఆకస్మికముగా తెగిపోయెను. ఆ తెగుటకు యుద్ధము కారణమని సామాన్యముగా చెప్పుదురు. అది సత్యమే కాని సంపూర్ణసత్యము కాదు. యుద్ధము రంగూనును తాకుటకు అయిదు నెలలకు ముందే, 1941 జూలైలో, భారత బర్మా ప్రభుత్వములు వలసను గూర్చి ఒక ఒడంబడికను ప్రకటించెను. అప్పుడే సామాన్యపు కూలీకి రేవుద్వారము మూసికొనిపోయెను. రెండు ప్రభుత్వములు కూలీలను గూర్చి ఒప్పందము చేసికొన్నపుడు, ఆ ఒప్పందములో కూలీకి లభించిన స్థానమేది? ‘నిపుణుడు’, ‘నైపుణ్యము లేనివాడు’ అను విభాగమును ఎవరు, ఏ కొలతతో నిర్ణయించిరి? ఈ రెండు ప్రశ్నలను ఈ వ్యాసమునందు పరిశీలింపదలచితిమి.

మొదట కొన్ని మాటలను గమనింతము. కళింగాంధ్ర పల్లెలలో రంగూనును ‘రంగము’ అని వ్యవహరించుట కలదు. ‘రంగము పోవుట’ యనగా కూలికై సముద్రము దాటుట. బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు స్థిరపడెను. ఇది గోదావరి ముఖమున నున్న కోరంగి రేవునుబట్టి వచ్చినది. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలవలన ఆ రేవు నాశమయ్యెను. రేవు పోయినను పేరు మిగిలి, ఆవలిగట్టున ఒక జాతి నామమయ్యెను. పిమ్మట ఓడ ఎక్కినవారు కోరంగినుండి కాక, కాకినాడ, విశాఖపట్నము, భీమునిపట్నము, కళింగపట్నము, బారువ మొదలగు రేవులనుండి పోయినవారు. అయినను వారందరును ఆవల కోరంగీలే. ఇక ‘మేస్త్రి’ అను మాట పోర్చుగీసు భాషనుండి మనకు వచ్చినది. పనియందు గురువు అని దాని మూలార్థము. బర్మా వలసలో ఆ గురువు అప్పిచ్చువాడుగాను, కూలి కోసికొనువాడుగాను మారెను. ఈ మార్పులోనే వలసచరిత్ర సగము ఇమిడియున్నదని మా యభిప్రాయము.

వలసకు కారణములు రెండు గట్లమీదను ఉండెను. 1852లో జరిగిన రెండవ యుద్ధముతో దిగువబర్మా ఆంగ్లేయుల వశమయ్యెను. ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనదియు ఆ సంవత్సరమే. 1869లో సూయజు కాలువ తెరచిన పిదప ఐరోపాకు బియ్యపు ఎగుమతి సులభమయ్యెను. ఇరావతీ డెల్టాలోని అడవులు, చిత్తడినేలలు కొట్టి బర్మా రైతులు పొలములు చేసిరి. 1930 ప్రాంతమునకు బర్మా ఏటేట సుమారు 30 లక్షల టన్నుల బియ్యమును ఎగుమతి చేయు దేశమయ్యెను. పొలము దున్నుటకు రైతులున్నారు గాని, ధాన్యమును దంచు మరలలోను, బస్తాలు మోయు రేవులలోను పనిచేయుటకు చౌకగా లభించు మనుష్యులు అచట చాలలేదు. ఈ గట్టున విశాఖపట్నము, గంజాము జిల్లాల మెట్టభూములలో 1866, 1876–78 సంవత్సరముల కరవులను అనుభవించిన ప్రజలుండిరి. ఋణభారము, చిన్నకమతములు, కులమునుబట్టి దొరకని పనులు వారిని ఓడయెక్కించెను. ప్రభుత్వమునకు ఈ అవసరము తెలియకపోలేదు. బర్మాకు పోవు కూలీల రవాణాను, పనిని గూర్చి 1876లోనే ఒక చట్టము చేయబడెను. కాని అది నిలువలేదు. రాజ్యము చేయలేని పనిని మేస్త్రి చేపట్టెను.

మేస్త్రీపద్ధతి నడచిన తీరును కొంత వివరముగా చెప్పవలసియున్నది. బియ్యపు మిల్లుయొక్క యజమాని గాని, ఓడల సరకు దింపించు కంపెనీ గాని, ఒక గుత్తేదారునకు పని అప్పగించును. ఆ గుత్తేదారు క్రింద పెద్ద మేస్త్రి, అతని క్రింద చిన్న మేస్త్రీలు. చిన్న మేస్త్రి తన ఊరికి వచ్చి, బంధువులకును ఇరుగుపొరుగువారికిని బయానా యిచ్చి, ఓడకూలి పెట్టుకొని, ఇరువదిమందినో ముప్పదిమందినో కూర్చుకొని పోవును. ఆ బయానాయు, ఓడకూలియు, అచట తిండిఖర్చును కూలీ పేర అప్పుగా వ్రాయబడును. యజమాని ఇచ్చిన కూలి గుత్తేదారు, పెద్ద మేస్త్రి, చిన్న మేస్త్రి అను మూడు చేతులు దాటి, ఒక్కొక్క చేత కొంత తరిగి, తుదకు కూలీకి చేరును. పని లేని దినములలోను తిండిఖర్చు అప్పులో చేరుచుండును. కావున అప్పు తీరుట కూలీ కష్టముపై గాక పని దొరకుటపై ఆధారపడియుండెను. రంగూనులోని భారతీయకూలీలను గూర్చి ఆండ్రూ 1933లో ప్రకటించిన గ్రంథమునందును, 1931 నాటి రాయల్ లేబర్ కమిషను నివేదికయందును ఈ పద్ధతి దోషములు చర్చింపబడినవి. మేస్త్రి పరాయివాడు కాడనుట ముఖ్యముగా గమనింపదగినది. అతడు ఊరివాడు, అనేకపర్యాయములు చుట్టము. నమ్మకమే ఇచట పూచీకత్తు. ఆ నమ్మకమే సంకెల.

1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో 10 లక్షలకు పైగా భారతీయులుండిరి. రంగూను నగరమున మొత్తము జనసంఖ్య సుమారు 4 లక్షలు కాగా, అందు సగమునకు మించినవారు భారతీయులే. తెలుగువారు లక్షన్నరకు పైబడియుండిరి. బియ్యపు మిల్లులు, రేవు, రిక్షా, పాకీపని వీరి ప్రధానవృత్తులు. స్త్రీలసంఖ్య మిక్కిలి స్వల్పము. రెండు మూడేండ్లు పనిచేసి ఇల్లు చేరుట, మరల పోవుట వీరికి వాడుక. ఈ రాకపోకల అలవాటు తరువాతికాలమున వీరికే కీడుగా పరిణమించెను. ఆ సంగతి ముందు చెప్పెదము.

1930 మే మాసమున రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంపునకై పని మానిరి. ఓడల కంపెనీల పక్షమున బర్మీయులను పనిలోనికి తీసికొనిరి. ఆ మాసారంభమున వచ్చిన భూకంపము పెగూ పట్టణమును పాడుచేసి, రంగూనునకును నష్టము కలిగించియుండెను. ధాన్యపు ధరలు తగ్గనారంభించుటచే పల్లెలనుండి బర్మీయులు నగరమునకు పనికై వచ్చుచుండిరి. తగవు తీరి, కోరంగీలను మరల పనిలో చేర్చుకొని, బర్మీయులను పొమ్మన్నపుడు, మే 26వ తేదీన కొట్లాట పుట్టి, కొన్ని దినములు నగరమంతట వ్యాపించెను. నూరుమందికి మించి చనిపోయిరి. వారిలో అత్యధికులు తెలుగు కూలీలు. ఈ ఘటనను జాతివైరమని మాత్రమే చెప్పుట పొరపాటు. బర్మీయునకు తన దేశపు రేవున పని లేకపోవుట నిజమైన బాధ. కోరంగీకి కూలి చాలకపోవుట నిజమైన బాధ. ఈ రెండు బాధలను ఒకదానిపై నొకటి ఉసికొల్పి లాభము పొందినది గుత్తపద్ధతి. పని యెవరికిచ్చుటయు, యెవరిని తీసివేయుటయు కంపెనీకిని గుత్తేదారునకును స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛయొక్క మూల్యమును కూలీలు వీధులలో చెల్లించిరి.

ఇట్టి దోషములు వలసకు సహజములు, తప్పనివి అని వాదింపవచ్చును. మలయాతో పోల్చి చూచినచో ఆ వాదము నిలువదు. 1907లో మలయాలో ఒక వలసనిధి చట్టము చేయబడెను. తమిళకూలీల పేర ఏర్పడినను తెలుగుకూలీలకును అది వర్తించెను. దక్షిణభారతపు కూలీలను వాడుకొను యజమానులందరును తమ కూలీల సంఖ్యనుబట్టి ఈ నిధికి పన్ను చెల్లింపవలెను. కూలీ ప్రయాణవ్యయమును నిధియే భరించెను. కావున ఓడకూలి కూలీ తలపై అప్పుగా పడలేదు. మలయాలో మేస్త్రికి సమానుడైన కంగాణికి అనుమతిపత్రముండవలెనను నియమముండెను. 1922 భారత ఎమిగ్రేషను చట్టము పిమ్మట మలయాలోను, సింహళములోను భారతప్రభుత్వపు ఏజెంట్లు నియమింపబడిరి. ఆర్థికమాంద్యకాలమున మలయానుండి వేలకొలది కూలీలు నిధివ్యయముతోనే స్వదేశమునకు చేర్చబడిరి. మలయా తోటలు స్వర్గములని మేము చెప్పుట లేదు. అచట కూలి తగ్గించినందున 1938లో భారతప్రభుత్వము సహాయవలసను నిషేధింపవలసివచ్చెను. కాని నిషేధింపగల చట్టము, విచారింపగల ఏజెంటు, ఖర్చు పెట్టగల నిధి ఉండెననుటయే ఇచట ముఖ్యము.

బర్మాకు ఈ మూడును లేవు. దానికి కారణము విచిత్రమైనది. 1937 ఏప్రిలు 1వ తేదీవరకు బర్మా భారతసామ్రాజ్యములో నొక రాష్ట్రము. విశాఖపట్నమునుండి రంగూనునకు పోవుట చట్టదృష్టిలో విదేశమునకు పోవుట కాదు. విదేశమైన మలయాకు పోవువానికి చట్టరక్షణ గలదు. స్వదేశమనబడిన బర్మాకు పోవువానికి లేదు. సరిహద్దు లేకుండుటయే స్వేచ్ఛ యని తలంచువారు ఈ ఉదాహరణమును గమనింపవలెను. స్వేచ్ఛ యుండెను, ఆ స్వేచ్ఛను వినియోగించినవాడు మేస్త్రి.

1922 చట్టములో మరియొక విషయము గలదు. అది పనులను నైపుణ్యము గలవి, నైపుణ్యము లేనివి అని విభజించెను. చేతివృత్తులు, గుమాస్తా పని, దుకాణమున సహాయకుని పని, ప్రదర్శనములలోని పని, హోటళ్ళలో సేవ, ఇంటిపని నైపుణ్యము గలవాటిలో చేర్చబడెను. నైపుణ్యము లేని పనిలో వ్యవసాయము చేరునని చట్టమే స్పష్టముగా చెప్పెను. నారుపోత, నీటికట్టు, కోత, నూర్పు ఎరిగినవాడు. ధాన్యమును చేతితో తాకి తేమ చెప్పగలవాడు నైపుణ్యము లేనివాడు. కాఫీ అందించువాడు నిపుణుడు. ఏ వృత్తియు తక్కువదని మా భావము కాదు. ఈ విభాగము పనిలోని నేర్పును కొలిచినది కాదనియే మేము చెప్పుచున్నాము. ఒక్కొక్కరుగా పోవువారెవరు, గుంపులుగా కూర్చబడి పోవువారెవరు అనునదే శాసనకర్తలు నిజముగా చూచినది. గుంపుగా పోవువారికి రక్షణ యక్కర. ఆ ఉద్దేశము మంచిదే. కాని రక్షణకై కట్టిన పేరు క్రమముగా హీనతను సూచించు పేరయ్యెను. తరువాతి ఒడంబడికలో ఆ హీనతయే కారణముగా తలుపు మూయబడెను.

బర్మా వేరుపడినపుడు వలసవిషయమున పూర్వస్థితియే కొంతకాలము సాగునట్లు ఏర్పాటు చేయబడెను. 1938 జూలైలో రంగూనునందును ఇతరస్థలములందును భారతీయులపై మరల అల్లరులు చెలరేగెను. విచారణసంఘము తన నివేదికలో మతవివాదమునకు వెనుక భూమి, ఋణము, ఉద్యోగములను గూర్చిన భయములను చూపెను. ఆ భయము నిరాధారము కాదు. ఆర్థికమాంద్యము పిమ్మట దిగువబర్మాలోని ముఖ్యమైన వరిజిల్లాలలో సాగుభూమిలో నాల్గవవంతు చెట్టియార్ల వశమైయుండెను. భూమి పోయిన రైతునకు చెట్టియారు కనబడుట అరుదు. వీధిలో కనబడువాడు రిక్షా లాగు కోరంగి. ఒకరి వడ్డీకి వేరొకరు దెబ్బలు తినిరి.

1939లో బర్మా ప్రభుత్వపు ఆర్థికసలహాదారు జేమ్సు బాక్‌స్టరు వలసను గూర్చి విచారణకు నియమింపబడెను. భారతీయకూలీలు బర్మీయులను సామాన్యముగా పనులనుండి తొలగించిరనుటకు తగిన ఆధారము లేదనియు, ఇరువురి శ్రమ చాలవరకు ఒకదానికొకటి పూరకమనియు ఆయన నిర్ణయించెను. ఇకమీది వలసను ఉభయప్రభుత్వములు ఒడంబడికచే క్రమపరుపవలెనని సూచించెను. లెక్కలు చూచి, వాదములు విని చేసిన నిర్ణయమిది. అయినను ఒడంబడిక వచ్చునప్పటికి ఈ నిర్ణయములోని మొదటిభాగము మరువబడి, రెండవభాగము మాత్రమే మిగిలెను.

ఊసా ప్రధానమంత్రిగా నున్న బర్మా ప్రభుత్వముతో సర్ గిరిజాశంకర బాజపేయి నాయకత్వమున భారతప్రతినిధులు సంప్రదించి 1941లో ఒడంబడికను కుదిర్చిరి. దాని ముఖ్యాంశములివి. క్రొత్తగా పోవువారికి ‘ఏ’, ‘బి’ అని రెండువిధములైన అనుమతిపత్రములు. మొదటిది పొందినవాడు కాలపరిమితి లేక నివసించి ఉద్యోగము చేయవచ్చును. రెండవది పొందినవాడు పరిమితకాలమునకే. నైపుణ్యము లేని కూలీకి లభింపగలది రెండవరకమే. అదియు బర్మా ప్రభుత్వము నిర్ణయించు సంఖ్యకు లోబడి. అంతవరకు వారి రాక ఆ జూలైలోనే నిలిపివేయబడెను. అప్పటికే బర్మాలోనున్న వారికి వారు నివసించిన కాలమునుబట్టి హక్కులు. నిర్ణీతసంవత్సరములు నివసించినట్లు ఋజువు చేయగలవానికి మెరుగైన స్థానము.

ఋజువు అను ఈ మాటయొద్ద మనము ఆగవలసియున్నది. వర్తకునకు లెక్కలపుస్తకముండును, ఉద్యోగికి జీతపుపట్టీ యుండును, ఇంటియజమానికి దస్తావేజు ఉండును. కోరంగీకి ఏమి యుండును? అతడు మేస్త్రి పద్దులో ఒక అంకె. రెండు మూడేండ్లకొకసారి ఇంటికి వచ్చిపోవువాడు. అతని నివాసకాలము ముక్కలు ముక్కలు. ఇరువది యేండ్లు బర్మా బస్తాలు మోసినవాడు, ఒక్కచోట ఏడెనిమిదేండ్లు దుకాణము పెట్టినవానికంటె తక్కువ నివాసిగా లెక్కకు వచ్చుటకు అవకాశము కలిగెను. ఒడంబడిక కూలీని ద్వేషించి ఇట్లు చేయలేదు. అది కాగితమున్నవానిని మాత్రమే చూడగలిగెను.

ఒడంబడికపై భారతదేశమున తీవ్రమైన నిరసన పుట్టెను. గాంధీమహాత్ముడు 1941 ఆగస్టులో దానిని ఖండించుచు ప్రకటన చేసెను. నిరసన న్యాయమైనదే. కాని ఆనాటి వాదములలో భారతీయుల ప్రవేశస్వేచ్ఛ, వారి వ్యాపారప్రయోజనములు, జాతిగౌరవము ముందు నిలిచెను. మేస్త్రీపద్ధతిని రద్దుచేసి, మలయానిధివంటి నిధిని బర్మాలోను పెట్టవలెనను కోరిక వెనుకబడెను. బర్మా పక్షమున వాదించినవారికి కూలీ సంఖ్య. భారతపక్షమున వాదించినవారికి కూలీ హక్కునకు గుర్తు. మనుష్యుడుగా అతడు ఏ పక్షమునను కూర్చుండలేదు.

తరువాతి పరిణామము చరిత్రలో కఠినమైన వ్యాఖ్యానము వంటిది. 1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. వేలకొలది కూలీలు నగరమును విడిచి ప్రోము మార్గమున నడచిపోయిరి. రేవు స్తంభించెను. యుద్ధసామగ్రి ఓడలలోనే నిలిచిపోయెను. అప్పుడు ప్రభుత్వమువారు కూలీలను నచ్చజెప్పియు, అడ్డగించియు వెనుకకు మరలించిరి. జూలైలో అక్కరలేనివారని తలుపు మూయబడినవారు డిసెంబరులో పోరాదని నిలుపబడిరి. నైపుణ్యము లేనివాడన్న మనుష్యుడు లేనిదే నగరము నడువదని ఇంతకంటె స్పష్టముగా తేలదు. 1942 మార్చి 8న రంగూను పడిపోయెను. ఓడలలో చోటు డబ్బున్నవారికి దొరకెను. మిగిలినవారు అరకాను కొండలమీదుగాను, టామూమీదుగా మణిపురమునకును నడచిరి. నాలుగులక్షలకు పైగా జనులు ఇట్లు భారతదేశమునకు చేరిరి. ఆకలిచేతను, మలేరియా, కలరాలచేతను దారిలో చనిపోయినవారు పదివేలకు తక్కువగారు. యాభైవేలని చెప్పువారును కలరు. పేర్లు వ్రాసికొన్నవారు లేరు గనుకనే అంచనాలలో ఇంత భేదము.

1948 జనవరి 4న బర్మా స్వతంత్రమయ్యెను. పాతవలస తిరిగి మొలకెత్తలేదు. 1962లో సైన్యము రాజ్యమును వశపరచుకొన్న పిదప దుకాణములు, వ్యాపారములు జాతీయము చేయబడెను. 1964 మొదలు లక్షకు మించిన భారతీయులు తిరిగివచ్చిరి. విశాఖపట్నమునందలి ‘బర్మా క్యాంపు’ అను పేట పేరు ఆ రాకకు నిలిచియున్న గుర్తు. ఆవలిగట్టున కోరంగి పేరు మిగిలినట్లే, ఈ గట్టున బర్మా పేరు మిగిలెను.

ఈ చరిత్ర ముగిసినదా? 2003లో థాయిలాండుతో శ్రామికుల విషయమున అవగాహనపత్రము వ్రాసికొన్న దేశము మయన్మారు. ఒకప్పుడు కూలీలను రప్పించుకొన్న బర్మాయే తన బిడ్డలను పొరుగుదేశపు చేపలపరిశ్రమకు, కట్టడపుపనులకు పంపుచున్నది. ఆగ్నేయాసియా దేశముల సమితియగు ఆసియాన్ ఇంజనీర్ల అర్హతలను 2005లోను, నర్సుల అర్హతలను 2006లోను పరస్పరము గుర్తించుటకు ఒప్పందములు చేసెను. వైద్యులు, వాస్తుశిల్పులు, గణకులు మొదలగువారికి తరువాత చేసెను. 2007లో సెబూ నగరమున వలసకార్మికుల హక్కులను గూర్చి ప్రకటన వెలువరించెను. 2017లో దానిని విస్తరించు ఏకాభిప్రాయపత్రమును అంగీకరించెను. మొదటివి నిపుణులకు దారిచూపు ఒప్పందములు. తరువాతివి సభ్యదేశములను న్యాయస్థానమున నిలువబెట్టజాలని మాటలు. సరిహద్దు దాటువారిలో అధికులు మాత్రము రెండవ తరగతివారే. మనదేశమున 1922 చట్టము స్థానమున వచ్చిన 1983 ఎమిగ్రేషను చట్టముక్రింద, పదవతరగతి ఉత్తీర్ణులు కానివారు కొన్ని నిర్ణీతదేశములకు పనికై పోవునపుడు ప్రత్యేకానుమతి పొందవలెనను నియమము నడచెను. కొలత మారెను, కాగితము మారలేదు. కరీంనగరమునుండి, నిజామాబాదునుండి, కడపనుండి గల్ఫునకు పోయినవాని అప్పు ఏజెంటుయొద్ద మొదలగుట, 1900 ప్రాంతమున కళింగపట్నపు కూలీ అప్పు మేస్త్రియొద్ద మొదలగుటకు ఎంత దూరము?

పై పరిశీలనమునుబట్టి మాకు తోచిన నిర్ణయమిది. రెండు దేశముల సహకారము మంచిదా చెడ్డదా అను ప్రశ్న చాలదు. ప్రయాణవ్యయమును ఎవరు భరించిరి, కూలి ఎన్ని చేతులు దాటెను, నివాసమునకు ఋజువుగా దేనిని అడిగిరి అను ప్రశ్నలే ఏ ఒడంబడికనైనను తూచు రాళ్ళు. మలయానిధి మొదటి రాతికి నిలిచెను; 1941 ఒడంబడిక మూడింటికిని నిలువలేదు. బర్మీయుని భయమును, కోరంగి కూలిని ఒక్కచోట కూర్చుండబెట్టి విచారించిన సభ 1930లో గాని, 1938లో గాని, 1941లో గాని ఏర్పడలేదు. ఏర్పడియున్నచో వలస ఆగియుండెనో లేదో చెప్పజాలము. వీధులలో నెత్తురు తగ్గియుండుననుట మాత్రము యుక్తము.

ప్రభుత్వపత్రములు ప్రభుత్వముల మాట చెప్పును. కూలీ మాట ఉత్తరాంధ్ర పల్లెలలో మిగిలిన నుడికారములలోను, పనిపాటలలోను, బర్మానుండి వచ్చిన కుటుంబముల ఇండ్లలోని పాత పెట్టెలలోను వెదకవలసియున్నది. 1964లో పిల్లలుగా ఓడ దిగినవారు నేడు వృద్ధులు. పరిశోధకవిద్యార్థులు వారియొద్దకు పోవుటకు మిగిలిన కాలము స్వల్పము.